దర్శనం ఇచ్చేవాడికా, చేసుకునేవాడికా లాభం?

నోయిడాలో ఉంటున్నందుకు వచ్చిన చుట్టాలందరికీ ఢిల్లీ చూపించడం నా రెండో ఉద్యోగమైపోయింది లెండి. మొన్న చలికాలంలో మా బాబాయిని ఎర్రకోటకి తీసుకెళ్లాను. ముసమ్మన్ బుర్జ్ మీద, ఒకప్పుడు యమున పారిన వైపుకి పొడుచుకొచ్చిన ఝరోఖా చూపించి, పాదుషాలు పొద్దున్నే ఈ బుర్జ్ మీంచి జనానికి కనిపించేవారని చెప్పాను. బాబాయి మురిసిపోయాడు.

"చూశావట్రా! మొగలాయిలు కూడా మన దేవుడి దర్శనం పద్ధతే పట్టుకున్నారు. అదీ మన సంప్రదాయం గొప్ప!"

గొప్ప ఎవరికి? అక్బరు ఈ పద్ధతి మొదలెట్టాక, పాదుషా ముఖం చూడందే ముద్ద ముట్టనివాళ్లు కూడా తయారయ్యారు. షాజహాన్ రాయించిన పాదుషానామాలో బొమ్మలు చూడండి. పైన ఝరోఖాలో ఆయన, తల చుట్టూ బంగారు కాంతివలయం. కింద హోదా ప్రకారం వరసల్లో ఉద్యోగులు. దాన్ని భక్తి చిత్రం అనగలమా? గీసినవాడికి జీతం ఇచ్చింది ఎవరు? మన తిరుమల గుడిలో రాణులతో సహా చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయల విగ్రహం చూసి "ఎంత వినయం" అంటాం. తన విగ్రహం తనే గుడిలో పెట్టించుకోవడం వినయమా?

ఔరంగజేబు 1668 ప్రాంతంలో ఈ దర్శనం మానేశాడు. (హేతువాదంతో కాదు, ఆయనకీ మతమే కారణం!) మానేసినా 1707 దాకా ఏలాడు. ఇప్పుడు కనిపించే ఝరోఖా చేర్పించింది రెండో అక్బరు, 1808 ప్రాంతంలో. అప్పటికి ఢిల్లీ కంపెనీ గుప్పిట్లో ఉంది. అధికారం పోయింది, దర్శనం మిగిలింది. 1911 డిసెంబరు 13న ఐదో జార్జి, మేరీ రాణి కిరీటాలు పెట్టుకుని అదే ఝరోఖాలో కూర్చుని కింద జనానికి దర్శనమిచ్చారు. మరి ఇది ఏ మతం సంప్రదాయం బాబాయ్ అన్నాను. మాట్లాడలేదు.

అక్కడితో ఆపితే బాగుండేది. నేను సెంగోల్ సంగతి ఎత్తాను. 1947 ఆగస్టు 14న తమిళ శైవ మఠం వాళ్లు నెహ్రూకిచ్చిన బంగారు పూత రాజదండం అది. ఏళ్ల తరబడి అలహాబాదు మ్యూజియంలో ఉంది. 2023 మే 28న ప్రధాని దానికి సాష్టాంగపడి, కొత్త లోక్‌సభలో స్పీకరు కుర్చీ పక్కన పెట్టారు. ఓటుతో వచ్చిన అధికారానికి మఠాధిపతుల మంత్రాలెందుకు? శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలో రాసుకున్నాం కదా, 51ఎ లో! ఆ విధి పార్లమెంటు గుమ్మం బయటివాళ్లకేనా?

"నీకు అన్నిట్లోనూ వంకలే కనిపిస్తాయిరా" అన్నాడు బాబాయి. మెట్రోలో నోయిడా వచ్చేదాకా నాతో పలకలేదు.