బావురుపిల్లి దొంగయా?

పిల్లికి నీరన్న భయమని లోకములో వాడుక. ఇంటిపిల్లి విషయమున అది నిజమే కావచ్చును. కాని గోదావరి, కృష్ణా నదులు సముద్రమున కలియుచోట పెరుగు మడ అడవులలో నీటినే నమ్ముకొని బ్రదుకు పిల్లి యొకటి కలదు. దానిని బావురుపిల్లి యనియు, నీటిపిల్లి యనియు పిలుతురు. రాత్రివేళ కాలువయొడ్డున కదలక కూర్చుండి, చేప కనబడగనే పంజాతో నెగజిమ్ముట దాని వేట. అవసరమైనచో నీటిలో దుమికి, తల ముంచి పట్టుకొనును.

ఇంటిపిల్లికంటె ఇది చాల పెద్దది. బాగుగా పెరిగిన మగపిల్లి పదునైదు కిలోగ్రాముల వరకు తూగును. బూడిదవన్నె మేనిపై నల్లని మచ్చలు వరుసలుగా నుండును. ముందుకాళ్ల వ్రేళ్లనడుమ కొంతమేర చర్మపుపొర కలదు. వెండ్రుకలు రెండు దొంతరలు. లోపలి దొంతర మిక్కిలి దట్టమై చర్మమునకు నీరు తగులనీయదు.

దీని ఆహారములో చేపలదే అగ్రస్థానము. ఎండ్రకాయలు, కప్పలు, పాములు, నీటిపక్షులు, పురుగులు గూడ తినును. ఎలుకలనును విడువదు. పొలములనంటియున్న జమ్ముదుబ్బులలో నిది తిరుగుచున్నచో రైతునకు మేలే గాని కీడు లేదు. ఈ సంగతి తలచువారు తక్కువ.

1980 తరువాతి దశాబ్దములలో తీరమున రొయ్యలచెరువులు, చేపలచెరువులు విరివిగా వెలసినవి. అనేకచోట్ల మడ చెట్లు నరికి, జమ్ము దున్ని, గట్లు పోసిరి. తన వేటకాలువ యుండినచోట పిల్లికి చెరువు కనబడినది, చెరువునిండ చేపలు! అది దిగినది. దానికి దొంగయని పేరు వచ్చినది. నీటికుక్క తిన్న చేప గూడ పిల్లి లెక్కలోనే పడవచ్చును. వింత యేమనగా, రొయ్యలసాగు తొలినాళ్లలో పిల్లరొయ్యలను ఈ మడకాలువలనుండియే పట్టి తెచ్చెడివారు. ఎవరి సొత్తు ఎవరు తీసికొనిరో చెప్పుట అంత సులభము కాదు.

కాకినాడ దాపున కోరింగ అభయారణ్యము 1978లో నేర్పడినది. దాని విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అచ్చట చెట్టునకు రక్షణ కలదు. కాని పిల్లికి ఎల్లరాళ్లు తెలియవు. వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 ప్రకారము దీనిని చంపుట యెచ్చటనైనను నేరమే; అయినను అభయారణ్యము వెలుపలి బురదనేల నెవ్వరును అడవిగా నెంచరు. ఉప్పునేల, పనికిరాని నేల యందురు. ఎవరికి పనికిరానిదని అడుగవలసియున్నది. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ఈ జాతిని తీవ్రాపాయములో నున్నవానిలో చేర్చి, 2016లో ఒక మెట్టు దించినది. మెట్టు దిగినంతమాత్రమున అపాయము తొలగినదనుకొనరాదు; పిల్లి బ్రదుకు నీటినేలలు నేటికిని తరుగుచునే యున్నవి.

చిన్న చెరువుగల రైతు నష్టమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. అతనికి ఒక్క పంట పోయినను అప్పు మిగులును. చెరువుచుట్టు వల కట్టుట, రాత్రి దీపముంచుట అతనికి వ్యయమే. ఆ వ్యయములో ప్రభుత్వము పాలు పంచుకొనవలెను. రొయ్యల నెగుమతి చేసి లాభించువారును పంచుకొనవలెను. దానితోపాటు కాలువలవెంబడి జమ్మును, మడ చెట్లను నరకక విడిచినచో, పిల్లికి చెరువుగట్టు ఎక్కవలసిన అక్కర చాలవరకు తగ్గును.