తక్కువ కొటేషన్‌కు దొరకని చరిత్ర

విశ్వవిద్యాలయాల్లో చరిత్ర సిలబస్ గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. అందులో స్త్రీలు ఎక్కడున్నారు, దళిత స్త్రీలు ఎక్కడున్నారు, ఉన్నచోట కూడా రాణులుగానో సంస్కర్తల భార్యలుగానో తప్ప ఎందుకు కనిపించరు అని అడిగాం. మన పోరాటం వల్ల కొన్నిచోట్ల సిలబస్ మారింది, స్త్రీల చరిత్రకు ఒక పేపరో, ఒక యూనిట్టో వచ్చింది. కానీ ఆ పేపరు తీసుకున్న విద్యార్థిని లైబ్రరీకి వెళితే ఆమె చేతికి ఏ పుస్తకం అందుతుందన్నది సిలబస్ కమిటీ తేల్చే విషయం కాదు. అది మూడు కొటేషన్లను పక్కపక్కన వేసి ఆఫీసులో తయారుచేసే కంపారిటివ్ స్టేట్‌మెంట్ అనే ఒక కాగితం మీద తేలుతుంది. పితృస్వామిక జ్ఞానోత్పత్తి గురించి ఇంత రాసిన మనం ఆ కాగితాన్ని మాత్రం చదవలేదు.

జరిగేది ఇది. అధ్యాపకులు తమకు కావలసిన పుస్తకాల జాబితా ఇస్తారు. విభాగం దాన్ని ముగ్గురు నలుగురు సరఫరాదారులకు పంపుతుంది. వాళ్లు ధర, డిస్కౌంటు వేసి సీలు కవర్లలో కొటేషన్లు ఇస్తారు. ఎవరిది తక్కువైతే వాళ్లకు ఆర్డరు. బల్లలు, బీరువాలు కొనడానికి ఈ పద్ధతి బాగానే ఉంటుంది, ఒక కంపెనీ బీరువా కాకపోతే ఇంకో కంపెనీది పనికొస్తుంది. ఒక పుస్తకం బదులు ఇంకో పుస్తకం పనికిరాదు కదా! పైగా పుస్తకం ధర అట్ట మీదే అచ్చయి ఉంటుంది, ఏ షాపులోనైనా అదే ధర. ఇక పోటీ పడడానికి మిగిలేది డిస్కౌంటు ఒక్కటే.

ఈ డిస్కౌంటు ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. ప్రచురణకర్త షాపువాళ్లకు కమిషన్ ఇస్తాడు, అందులో కొంత ఉంచుకుని మిగతాది వాళ్లు మనకు డిస్కౌంటుగా ఇస్తారు. కాబట్టి ఎక్కువ కమిషన్ వచ్చే పుస్తకమే వాళ్లు ఉత్సాహంగా సరఫరా చేస్తారు. కేవలం లైబ్రరీలకు అమ్మడానికే పుస్తకాలు వేసే సంస్థలు మన దేశంలో ఉన్నాయి. మామూలు పాఠకులెవరూ కొనలేని ధర వేసి, దాని మీద భారీగా డిస్కౌంటు ప్రకటిస్తాయి. నాలుగైదు సంపుటాల సెట్లు, మెరిసే అట్టలు, పేరులో 'మహిళ' అన్న మాట, లోపల ఎక్కడెక్కడివో ఏరి అతికించిన వ్యాసాలు. కాగితం మీద ఇది లాభసాటి బేరం. స్త్రీల మీద ఎన్ని పుస్తకాలు కొన్నారని ఎవరైనా అడిగితే లెక్క చూపించడానికి కూడా పనికొస్తుంది. విదేశీ పుస్తకాల విషయంలో ఇంకో తిరకాసు ఉంది. డాలరుకు, పౌండుకు ఏ మారకపు రేటు కట్టాలన్నది ముందే ఒప్పుకోకపోతే, డిస్కౌంటుగా ఇచ్చింది ఆ రేటులో తిరిగి లాక్కోవచ్చు.

దీనికి అవతలి వైపు మన పుస్తకాలున్నాయి. స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాటల్లోనే వాళ్ల అనుభవాలు రికార్డు చేసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. దాని ఇంగ్లీషు రూపాన్ని 1989లో కాళీ ఫర్ విమెన్ వేసింది. 1984లో ఇద్దరు స్త్రీలు మొదలుపెట్టిన ఆ ప్రచురణ సంస్థ అదే ఏడాది కుంకుమ్ సంగారి, సుదేశ్ వైద్‌ల సంపాదకత్వంలో 'రీకాస్టింగ్ విమెన్' కూడా వేసింది. గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల రచనలతో 'నల్లపొద్దు' హైదరాబాద్ బుక్ ట్రస్ట్ నుంచి వచ్చింది. స్త్రీల చరిత్రకు పునాది వేసిన పుస్తకాలు ఎక్కువగా ఇలాంటి చోట్ల నుంచే వచ్చాయి. జనం కొనుక్కోవాలని వీళ్లు ధర తక్కువ పెడతారు. తక్కువ ధర మీద షాపుకు మిగిలేది ఎంత? తెప్పించే ఖర్చుకే చాలదు. అందుకని కొటేషన్‌లో ఆ వరుసకు ఎదురుగా 'లభ్యం కాదు' అనో, 'ముద్రణలో లేదు' అనో రాసి ఊరుకుంటారు.

నేను కొంతకాలం పనిచేసిన ఒక విశ్వవిద్యాలయపు కొనుగోలు కమిటీలో ముగ్గురు సరఫరాదారులూ ఒకే తెలుగు పుస్తకానికి 'ముద్రణలో లేదు' అని రాశారు. అదే వారం నేను దాన్ని ప్రచురణకర్తల దగ్గర అట్ట మీది ధరకే కొన్నాను. ఆ సంగతి కమిటీలో చెబితే నన్నెవరూ కాదనలేదు. "నిజమే మేడమ్, కానీ వాళ్ల కొటేషన్ లేదు కదా" అన్నారు. ఇందులో కుట్రేమీ లేదు. ఆ పుస్తకం అక్కర్లేదని ఒక్కరూ అనలేదు. ఎవరూ వద్దనకుండానే అది జాబితా నుంచి జారిపోయింది, ఎవరూ వద్దనలేదు కాబట్టి ఎవరినీ నిలదీయడానికి లేదు. సిలబస్ నుంచి తీసేస్తే ధర్నా చేస్తాం. 'రిమార్కులు' అనే గడిలోకి జారిపోతే ఏం చేస్తాం?

2024లో తెలంగాణ ప్రభుత్వం కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టింది. సంతోషమే. ఏ విశ్వవిద్యాలయంలోనైనా సరే, ఆ పోరాట స్త్రీలు స్వయంగా చెప్పుకున్న మాటలు చరిత్ర విభాగపు అల్మారాలో విద్యార్థినులకు సరిపడా కాపీల్లో ఉన్నాయా అని కూడా అడగాలి.

నిబంధనలు ఒప్పుకోవు అనేది ప్రతిచోటా వినిపించే జవాబు. ఆడిట్ భయం నిజమైనదే, ఆ సంతకం పెట్టే చిన్న ఉద్యోగిని నేను తప్పు పట్టను. కానీ నిబంధనలు అంత గుడ్డివి కావు. లైబ్రరీ పుస్తకాల పరిస్థితి మిగతా సామాన్ల లాంటిది కాదని, పేరున్న పుస్తక విక్రేతల దగ్గర వాడుకలో ఉన్న షరతుల మీద కొనవచ్చని, టెండర్లు పిలవనక్కర్లేదని కేంద్ర ఆర్థికశాఖ 1980లలోనే చెప్పింది. 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు 25 వేల రూపాయల వరకు కొటేషన్లు లేకుండానే కొననిచ్చాయి. అక్కడి నుంచి రెండున్నర లక్షల దాకా ముగ్గురు సభ్యుల కమిటీ మార్కెట్లో విచారించి కొనవచ్చన్నాయి. ఒక వస్తువు ఒక్కరి దగ్గరే దొరికేటప్పుడు వాళ్ల దగ్గరే కొనే వీలు కూడా అందులో ఉంది. ఒక స్త్రీల సంఘం వేసిన పుస్తకం అలాంటిది కాక మరేమిటి? రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు వాటి సొంత నియమాలున్నాయి, వాటిని తెప్పించుకుని చదవాలి.

ఇక చిన్న ప్రచురణకర్తలను గుమ్మంలోనే ఆపేది జీఎస్టీ నంబరు. సరఫరాదారుగా నమోదు కావాలంటే అది రాయమని ఫారం అడుగుతుంది. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవాళ్లు నమోదు చేసుకోవాలని చట్టం కూడా అడగడం లేదు. చట్టం అడగనిదాన్ని ఫారం అడుగుతోంది, ఫారమే గెలుస్తోంది. ఈ ఒక్క విషయం మీద రిజిస్ట్రార్‌కు ఉత్తరం రాయడం ఏ సంఘమైనా చేయగల పని.

విభాగాల్లో ఉన్న మన స్నేహితురాళ్లు జాబితా ఇచ్చేటప్పుడే ప్రచురణకర్త పేరు, ధర, ఏడాది, పుస్తకం దొరికే చోటు రాసివ్వాలి. 'లభ్యం కాదు' అన్న ప్రతి పుస్తకాన్నీ ప్రచురణకర్తను అడిగి తేల్చుకున్నాకే కొట్టేయాలని కమిటీ మినిట్స్‌లో రాయించాలి. కమిటీలోకి రమ్మంటే పని ఎక్కువని తప్పించుకోకూడదు. బయట ఉన్నవాళ్లకు 2005 సమాచార హక్కు చట్టం ఉంది, ప్రభుత్వ విశ్వవిద్యాలయం కంపారిటివ్ స్టేట్‌మెంట్ నకలు అడగవచ్చు. ఏ పుస్తకాలు కొన్నారో అడిగితే చాలదు, ఏవి అడిగీ కొనలేదో అడగాలి.

మన సంఘాలకూ పని ఉంది. కరపత్రంలాగా పుస్తకం వేసి, సభల్లో అమ్మి, మిగిలినవి ఆఫీసు మూల కట్టలు కట్టి పెడుతున్నాం. ఐఎస్‌బీఎన్ ఉచితంగానే ఇస్తారు, తీసుకోవాలి. ధర స్పష్టంగా అచ్చు వేయాలి, బిల్లు పుస్తకం ఉంచుకోవాలి, ఈ పుస్తకం మా దగ్గరే దొరుకుతుందని లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. నిధులు మార్చి 31లోగా ఖర్చు కావాలి కాబట్టి చివరి రెండు మూడు నెలల్లో హడావిడిగా జాబితాలు అడుగుతారు. మన పుస్తకాల పట్టిక డిసెంబరుకే అధ్యాపకుల చేతికి వెళ్లాలి.