కంప్యూటరుకు కులం లేదట!

కంప్యూటరుకు కులం తెల్వదు, పక్షపాతం లేదు అంటున్నారు. అట్లయితే మేం ఒక లెక్క అడుగుతున్నాం.

తెలంగాణలో 2014-2019 మధ్య 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దు చేశారు. నోటీసు లేదు. ఈ ఏరివేతకు ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థను వాడారు. అది పేర్లు, అడ్రసులు జతచేసి కారున్నోడెవడో తేలుస్తుంది. పేరు కలిసిన పాపానికి రిక్షా తొక్కెటోడు కారు ఓనరయ్యాడు!

మా వాడల్లో ఎందరు ఎల్లయ్యలు, ఎందరు పోచమ్మలు! ఏ ఎల్లయ్య ఎవరో వాడలో పిల్లగాడు చెప్తడు. ప్రోగ్రాం రాసినోడు అడిగిండా?

తప్పు మిషన్‌ది కాదు, దాన్ని గీసినోళ్లది. దొంగను పట్టడానికే గీశారు, ఆకలైనోన్ని లెక్కలోకి తీసుకోలేదు. అనుమానం మా మీదే, రుజువు చేసే భారమూ మా మీదే. వెనకటి కరణం దస్త్రమే ఇప్పుడు తెర మీదికెక్కింది. కరణాన్నయితే నిలదీసేటోళ్లం. తెరను ఎవరు నిలదీస్తరు?

రద్దయిన కార్డులను మళ్లీ విచారించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

కంప్యూటర్ వద్దనడం లేదు మేం. కార్డు తీసేముందు నోటీసియ్యాలి. కారణం తెలుగులో, గ్రామసభలో చదవాలి. బాధ్యుడైన ఆఫీసరు పేరుండాలి. తప్పు తేలితే ఆపిన బియ్యం మొత్తం కట్టియ్యాలి.

వాడవాడలో లిస్టు రాయండి. బువ్వ మా హక్కు, మిషన్ పెట్టే భిక్ష కాదు!