కంటైనర్‌కి రెండో దారి ఉంది, మనిషికి?



2023 జూలైలో భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు అమెరికాలో మనవాళ్ళు ఇండియన్ స్టోర్ల ముందు బారులు తీరిన వైనం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సోనా మసూరి బస్తాలు కార్లలో కుక్కుకుని వెళ్ళిన వీడియోలు కొన్ని రోజులు ఊరంతా తిరిగాయి. "సప్లై చెయిన్" అనే మాట మన వంటింటిదాకా వచ్చింది అప్పుడే. అంతకుముందు 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయెజ్ కాలువకి అడ్డంపడి ఆరు రోజులు కదలకపోతే కార్టూన్లు ఫార్వర్డ్ చేసుకుని నవ్వుకున్నాం. 2023 నవంబరు నుంచి హౌతీలు ఎర్రసముద్రంలో ఓడల మీద పడటం మొదలుపెట్టి, పెద్ద పెద్ద కంపెనీల ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చినప్పుడు ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది.

అప్పటినుంచీ ఏ సదస్సుకి వెళ్ళినా ఒకటే భజన. రెజిలియన్స్, విజిబిలిటీ, కృత్రిమ మేధ, రెండో సప్లయర్, మూడో సప్లయర్. ఈ రంగంలో మన తెలుగువాళ్ళు హ్యూస్టన్ నుంచి సింగపూర్ దాకా పెద్ద పదవుల్లోనే ఉన్నారు. నేనూ ఆ తానులో ముక్కనే. ఈ మాటల్లో తప్పేమీ లేదు. అయితే నేను పనిచేసే చోటు నుంచి చూస్తే ఈ చర్చలో ఒక పెద్ద లంకె అసలు కనపడటం లేదు. దాని గురించే ఈ సంపాదకీయం.

ఆ చోటు షుఐబా. కువైట్ నగరానికి దక్షిణాన సుమారు 50 కిలోమీటర్లు. 1960లలో వెలసిన పారిశ్రామిక ప్రాంతం, పక్కనే పోర్టు. 1968లో మొదలైన ఇక్కడి రిఫైనరీని 2017లో మూసేశారు. పొరుగున ఉన్న మీనా అబ్దుల్లా, మీనా అల్ అహ్మదీ రిఫైనరీలను క్లీన్ ఫ్యూయెల్స్ ప్రాజెక్టు కింద ఆధునీకరించారు. పెట్రోకెమికల్ ఫ్యాక్టరీల్లో తయారయ్యే పాలిథీన్, గ్లైకాల్ ఇక్కడినుంచి ప్రపంచమంతా వెళతాయి. మీ ఇంట్లో ప్లాస్టిక్ సంచి, మీ ఒంటిమీద పాలిస్టర్ చొక్కా, వీటి మూలం వెతుక్కుంటూ పోతే ఏదో ఒక దారి ఇలాంటి ఊరికే చేరుతుంది.

కువైట్‌కి ఉన్న సముద్రమంతా గల్ఫ్ లోపలిదే. ఓడ బయటపడాలంటే హోర్ముజ్ జలసంధి ఒక్కటే గుమ్మం. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ 12 రోజులు యుద్ధం చేసుకున్నప్పుడు, ఆ జలసంధిని మూసేయాలని ఇరాన్ పార్లమెంటు తీర్మానించినప్పుడు, మా బోటి ఆఫీసుల్లో నిద్రలు లేవు. ఏ సరుకు ఎన్ని రోజులకి సరిపడా ఉంది, ఏది జెడ్డాలో దించి ట్రక్కుల మీద సౌదీ ఎడారి దాటించి నువైసీబ్ సరిహద్దు గుండా తేవచ్చు, ఏది విమానంలో తెప్పించాలి, అంతా పట్టికలు వేసుకున్నాం. కంటైనర్‌కి రెండో దారి సిద్ధం!

ఇక విడ్డూరం చూడండి. సరిగ్గా ఆ మరుసటి నెల, 2025 జూలై 1 నుంచి, కువైట్‌లో ఆర్టికల్ 18 వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే మనవాళ్ళు షూన్ వీసా అని పిలుచుకునే ప్రైవేటు రంగ ఉద్యోగులు, దేశం దాటాలంటే యజమాని ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ ఉండాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. యాప్‌లో ఒక బటన్ నొక్కే పనే అంటారు. నిజమే, మంచి కంపెనీలో నిమిషాల పని. జీతం మూడు నెలలు ఆపేసిన కాంట్రాక్టరు దగ్గర ఆ బటన్ ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించండి. మన పట్టికల్లో జిగురు డ్రమ్ముకి కూడా ప్రత్యామ్నాయ మార్గం రాసుకున్నాం. ఆ డ్రమ్ముని దించే మనిషికి రాసుకోలేదు.

మనిషి కూడా ఒక సరఫరా గొలుసులోనే వస్తాడు. రిఫైనరీ యజమాని కింద ప్రధాన కాంట్రాక్టరు, అతని కింద సబ్ కాంట్రాక్టరు, అతనికి మనుషులనిచ్చే మ్యాన్‌పవర్ కంపెనీ, ఆ కంపెనీకి ముంబైలోనో హైదరాబాదులోనో లైసెన్సు ఉన్న ఏజెన్సీ, ఆ ఏజెన్సీకి రాయచోటిలోనో రాజంపేటలోనో అమలాపురంలోనో లైసెన్సు లేని సబ్ ఏజెంటు. ఈ చివరి మనిషి సాధారణంగా మన బంధువే అయ్యుంటాడు, అదీ తమాషా! పాలిథీన్ బస్తా ఏ రోజు ఏ ఓడలో ఎక్కిందో బార్‌కోడ్ చెబుతుంది. రిగ్గర్ ఎవరికి ఎంత కట్టి ఇక్కడికొచ్చాడో చెప్పే కాగితం ఎక్కడా లేదు. ఉన్న కాగితం కూడా అబద్ధం చెబుతుంది. ఆడిట్‌లో భాగంగా ఒకసారి రాయచోటి వైపు కుర్రాణ్ణి ఏజెంటుకి ఎంత ఇచ్చావని అడిగితే, "సార్, ఆ లెక్క మాత్రం రాయొద్దు సార్, తెలిస్తే నన్ను పంపిచ్చేస్తారు" అన్నాడు. అతని ఫైలులో మాత్రం "నేను ఎవరికీ ఏమీ చెల్లించలేదు" అన్న కాగితం, కింద అతని సంతకం, భద్రంగా ఉంది.

భారత చట్టం ఏమంటోంది? 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉన్న ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోగల సర్వీసు చార్జీకి ప్రభుత్వం 30 వేల రూపాయలు, ఆపైన జీఎస్టీ అని గరిష్ఠ పరిమితి పెట్టింది. బజారు ధర అది కాదని మన జిల్లాల్లో పిల్లాడికి కూడా తెలుసు. మాట వరసకి లక్షన్నర అనుకుందాం, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. నెలకు వడ్డీయే మూడు వేలు. కువైట్ ప్రైవేటు రంగంలో కనీస వేతనంగా 2017లో నిర్ణయించింది 75 దీనార్లు, మన డబ్బులో 20 వేలకి కాస్త అటూ ఇటూ. తిండికీ ఫోనుకీ పోగా ఇంటికి పన్నెండు వేలు పంపాడనుకోండి. అందులో ఐదు వేలు ఇల్లు గడవడానికి, ఏడు వేలు అప్పుకి వేసినా, ఆ బాకీ తీరడానికి 28 నెలలు పడుతుంది. కాంట్రాక్టు చూస్తే మామూలుగా రెండేళ్ళు. అంటే అతను మొదటి కాంట్రాక్టు మొత్తం చేసేది వడ్డీ వ్యాపారికి వెట్టి.

ఇది దయాధర్మాల విషయం, హెచ్ఆర్ వాళ్ళు చూసుకుంటారు అనేవాళ్ళు మన వృత్తిలో చాలామంది. నేనొప్పుకోను. అప్పులో ఉన్నవాడు స్లింగ్ చిరిగిందని ఫోర్‌మన్‌కి చెప్పడు. ఒంట్లో బాగోలేదని సెలవడగడు. పక్క కంపెనీలో పది దీనార్లు ఎక్కువని తెలిస్తే అకామా గాలికొదిలి షట్‌డౌన్ మధ్యలో మాయమవుతాడు. అప్పుడు యూనిట్ తిరిగి స్టార్ట్ కావడానికి ఆలస్యమవుతుంది, మీ గ్లైకాల్ ఓడ ఖాళీగా ఎదురుచూస్తుంది. డెమరేజ్ బిల్లు వచ్చాక "మ్యాన్‌పవర్ షార్టేజ్" అని ఒక్క ముక్కలో కారణం రాసి ఫైలు మూసేస్తాం. ఆ షార్టేజ్ మొదలైంది సబ్ ఏజెంటు వరండాలో అని ఎవరం రాయం.

ఇంకో మాట. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన కువైట్‌లో ఉంది, నేను చూసినంతలో పెద్ద సైట్లలో బాగానే అమలవుతుంది. ఎందుకు? ఎండలో మనిషి నిలబడితే ఇన్‌స్పెక్టరు కంటికి కనపడతాడు కాబట్టి. అప్పు కంటికి కనపడదు. పడుకునే గది కూడా కనపడదు. షుఐబాకి ఉత్తరాన అరగంట ప్రయాణం కూడా లేని మంగఫ్‌లో, 2024 జూన్ 12 తెల్లవారుజామున కార్మికుల వసతి భవనం అంటుకుంటే దాదాపు 50 మంది పోయారు. వాళ్ళలో 45 మంది మన దేశస్థులు, ఆంధ్రావాళ్ళు కూడా ఉన్నారు. ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ.

చట్టాలు రావడం లేదా అంటే వచ్చాయి. జర్మనీ సరఫరా గొలుసు చట్టం 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఐరోపా సమాఖ్య 2024లో ఇంకా పెద్ద ఆదేశం తెచ్చి, 2025లో తనే దాన్ని వాయిదా వేసుకుని పలచన చేయడం మొదలుపెట్టింది. అక్కడి లాబీల సంగతి మనకి కొత్త కాదు కదా! నేను ఎక్కువ నమ్మకం పెట్టుకునేది కొనుగోలుదారు రాసే షరతు మీద. దానికి రుజువు పక్క దేశంలోనే ఉంది. ఖతార్‌లో 2022 ప్రపంచ కప్పు నిర్మాణాలు చూసిన సుప్రీం కమిటీ, కార్మికులు ఏజెంట్లకి కట్టిన సొమ్మును తిరిగి ఇవ్వాలని తన కాంట్రాక్టర్లను ఒప్పించింది. రసీదు చూపించమని కార్మికుణ్ణి అడగలేదు. లంచానికి రసీదు ఎవడిస్తాడు? నెలనెలా జీతంతో పాటు కొంత కొంత చొప్పున వేల మందికి డబ్బు వెనక్కి వచ్చింది. ప్రపంచం కళ్ళన్నీ తమ మీద ఉన్నాయన్న భయంతోనే చేశారనుకోండి, అయినా చేశారు.

మన ప్రభుత్వాల సంగతికొస్తే, గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి ఐదు లక్షలిస్తామని 2024లో తెలంగాణ ప్రకటించింది. మంచిదే, కాదనను. కానీ మన నాయకుల శ్రద్ధ శవపేటిక శంషాబాద్‌లో దిగాకే మొదలవడం ఏమిటి? ఏజెంటు దోపిడీ లేకుండా పంపడానికే ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థలు పెట్టారు. గల్ఫ్ కాంట్రాక్టర్లలో వాటి పేరు విన్నవాళ్ళు నాకు తగల్లేదు. తానా సభలకీ ఆటా సభలకీ వచ్చి పెట్టుబడులు అడిగే మంత్రులు, ఒక్కసారి ఫహాహీల్‌లో దిగి పది మ్యాన్‌పవర్ కంపెనీల తలుపు తట్టి, మా సంస్థ ద్వారా మనుషుల్ని తీసుకోండని అడిగితే వాళ్ళ సొమ్మేం పోయింది?

మన చేతిలో ఉన్నది కూడా చిన్నదేమీ కాదు. ఈ పత్రిక చదివేవాళ్ళలో గల్ఫ్ నుంచి కొనేవాళ్ళు, గల్ఫ్‌లో కాంట్రాక్టులు ఇచ్చేవాళ్ళు, వాళ్ళ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ఉన్నారు. టెండరు పత్రంలో, నియామక ఖర్చంతా యజమానిదే, కార్మికుడు కట్టినట్టు తేలితే రసీదు అడగకుండా తిరిగివ్వాలి, ఎగ్జిట్ పర్మిట్ ఇన్ని గంటల్లో ఇవ్వాలి అని రాయించగలిగినవాళ్ళు.

"రేటు పెరుగుతుంది" అని వెంటనే అభ్యంతరం వస్తుంది. నా దగ్గర ఉన్న లెక్క ఇది. పైన చెప్పిన లక్షన్నర మొత్తాన్నీ యజమానే భరించాడనుకున్నా 550 దీనార్లకి మించదు. దాన్ని 24 నెలలకి, నెలకు 26 పనిదినాలకి, రోజుకు 8 గంటలకి పంచండి. గంటకి 110 ఫిల్సు. లైసెన్సు ఏజెంటు ద్వారా చట్టప్రకారం వస్తే అందులో సగానికి కూడా రాదు. మీ కంపెనీలో ఇలాంటి షరతు ఇప్పటికే ఉంటే దాని పాఠం మాకు పంపండి, వచ్చే సంచికలో వేస్తాం. ప్రయత్నించి విఫలమైతే ఏ బల్ల దగ్గర ఆగిందో, ఎంత రేటు తేడా చూపించి ఆపారో అది కూడా రాయండి.