జెరాక్సు కాదండీ, అసలు బొమ్మే

పోయిన సర్వసభ్య సమావేశంలో జరిగింది అందరూ చూశారు. మన సభ్యుల కుటుంబం ఒకటి తమ ఇంట్లోని ఎచింగ్ బొమ్మను సంఘం హాలుకు ఉచితంగా ఇస్తామంది. ఫ్రేము ఖర్చు మాత్రం సంఘం పెట్టుకోవాలంది. వెనక వరసలోంచి "ప్రింటేగా! జెరాక్సుకి ఫ్రేమెందుకు?" అని ఒక కేక. నవ్వులు. తర్వాత అంశానికి వెళ్లిపోయాం. మాకది మింగుడు పడలేదు, అందుకే ఈ పోస్టు.

ఆ బొమ్మ అడుగున పెన్సిల్‌తో 14/50 అని ఉంది. అంటే తీసింది మొత్తం యాభై, ఇది పద్నాలుగోది. ఇక్కడ నకలు తీయడానికి వేరే అసలంటూ లేదు. యాసిడ్‌తో, పనిముట్లతో రేకు మీద మెట్టపల్లాలు చేస్తారు. ప్రతి కాగితానికీ మళ్లీ చేత్తో సిరా పట్టించి, ప్రెస్సులో నొక్కుతారు. యాభైకి యాభై అసళ్లే.

ఇది విస్కాసిటీ పద్ధతిలో తీసిన బొమ్మ. మామూలుగా రంగుకో రేకు కావాలి. ఇందులో ఒక్క రేకు మీదే అన్ని రంగులూ. గట్టి రోలరు మెట్టలకే తగులుతుంది, మెత్తటిది లోపలి అంచెలకీ దిగుతుంది. అవిసె నూనె పాలు మార్చి ఒక సిరాను పలుచగా, ఒకదాన్ని చిక్కగా కలిపితే రంగులు ఒకదాన్నొకటి అంటనివ్వవు. నూనె పాలు తప్పిందా, అంతా బురదే!

పారిస్‌లో హేటర్ నడిపిన అతెలియే 17లో ఈ పద్ధతిని రూపుదిద్దినవాళ్లలో ముఖ్యుడు చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. శాంతినికేతన్‌లో చదివి, మన మదరాసు కళాక్షేత్రలో చిత్రకళా విభాగం చూసి, ఆ తర్వాత విదేశాలకు వెళ్లాడు. 1972లో పద్మశ్రీ వచ్చింది. సినిమావాళ్ల పుట్టినరోజులు ఒక్కటీ వదలం. అడయారులో పాఠం చెప్పిన ఈయన పేరు మన హాలులో ఎన్నడైనా వినబడిందా?

"అర్థం కాలేదు" అన్నవారికి ఒక్క ప్రశ్న. మీ గుమ్మం ముందు మెలికల ముగ్గు దేని బొమ్మండీ? రోజూ దాటుకుంటూనే వస్తున్నారుగా.

ఉగాది ఫ్లెక్సీలకు ఏ ఏడూ ఎవరూ లెక్క అడగలేదు. వారం తిరక్కుండా అవి చెత్తబండెక్కాయి. సరే, ఫ్రేము చవకేం కాదు, ఒప్పుకుంటాం. ఆ ఖర్చు మేమే వేసుకుంటాం. ఎండ పడని తూర్పు గది గోడ ఇవ్వండి చాలు. వచ్చే సమావేశం అజెండాలో చేర్చమని కార్యదర్శిగారికి నిన్ననే రాసిచ్చాం.