ఊరెళ్తానన్నవాణ్ని నిలదీసే పాట

మాదాపూర్‌లో శుక్రవారం సాయంత్రం అయ్యిందంటే చాలు, బ్యాక్‌ప్యాకులన్నీ కేపీహెచ్‌బీ, మియాపూర్ వైపే నడుస్తాయి. రాత్రి బస్సుల కోసం. ఈ ఐటీ కారిడార్‌లో ఎవర్నైనా "మీదే ఊరు?" అని అడిగి చూడండి. నూజివీడు అంటారు, నర్సంపేట అంటారు, కదిరి అంటారు. పదేళ్లుగా కొండాపూర్‌లో ఉంటున్నవాళ్లు కూడా హైదరాబాద్ అని చెప్పరు. అలాంటి చోట 'ఊరెళ్లిపోతా మామా' అనే పాట అంటుకోకుండా ఎలా ఉంటుంది? పీజీ హాస్టళ్లలో, క్యాబుల్లో, టీమ్ పార్టీల్లో ఎక్కడ చూసినా అదే.

కానీ నేను ఆ పాటకి పడిపోయింది ఊరి మీద బెంగతో కాదు. అది చౌరస్తా బ్యాండు పాట. యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల, వాళ్ల స్నేహితులు కలిసి హైదరాబాద్‌లో కట్టుకున్న బ్యాండు. సినిమా లేదు, హీరో లేడు. పాటే నేరుగా యూట్యూబ్‌లోకి వచ్చి జనం నోట్లో పడింది.

మన సినిమాల్లో ఊరి పాట ఎలా ఉంటుందో మీకు తెలుసు. పచ్చని పొలం, నిండు చెరువు, అరుగు మీద అమ్మమ్మ. చౌరస్తా వాళ్లు ఆ పని చెయ్యలేదు. పాటలో ఒకడు ఊరెళ్లిపోతానంటాడు. రెండోవాడు ఏ ఊరెళ్తావు, అక్కడ ఏముందని వెళ్తావని అడుగుతాడు. అంతే! మొదటివాడి దగ్గర గట్టి జవాబేమీ ఉండదు. అయినా మళ్లీ వెళ్తాననే అంటాడు. నాకు నచ్చింది ఈ మొండితనమే. బెంగని జో కొట్టే పాటలు మనకి బోలెడున్నాయి. బెంగపడేవాణ్ని కూర్చోబెట్టి లెక్క అడిగిన పాట మాత్రం నేను ఇదే విన్నాను.

ఆ లెక్క మనందరిదీ కదా! పొలం కౌలుకిచ్చేశాం. ఇంటికి తాళం. అమ్మానాన్నలు నిజాంపేటలో మన ఫ్లాట్‌లోనే, మనవణ్ని స్కూలు బస్సెక్కిస్తూ. ఇక ఊళ్లో మిగిలింది సంక్రాంతికి తీసే తాళం, ఓటరు జాబితాలో పేరు. ఇంత తెలిసీ మేనేజర్ కసిరినప్పుడల్లా "ఇవన్నీ వదిలేసి ఊరెళ్లిపోతా" అంటాం. లేఆఫ్ మాట వినపడ్డప్పుడైతే మరీనూ.

2020 మార్చిలో విచిత్రం జరిగింది. లాక్‌డౌన్ రావడంతో కారిడార్‌లో ఎంతోమంది నిజంగానే ఊరెళ్లిపోయారు. ల్యాప్‌టాప్ నడింట్లో, సిగ్నల్ మేడమీద. అదే నెలలో చౌరస్తా వాళ్లు కరోనా జాగ్రత్తల మీద 'చేతులెత్తి మొక్కుతా' పాట చేస్తే ఫోన్లన్నీ దాంతో మోగిపోయాయి. ప్రభుత్వ ప్రకటనల కంటే ముందు మా వీధిలో పిల్లలకి షేక్‌హ్యాండ్ మాన్పించింది ఆ పాటే. తర్వాత ఆఫీసులు మెల్లగా వెనక్కి పిలిచాయి. వచ్చాక 'ఊరెళ్లిపోతా మామా' మళ్లీ విన్నాను. రెండోవాడి ప్రశ్న ఈసారి గట్టిగా వినపడింది. ఎందుకంటే ఇప్పుడు మనం వెళ్లి చూసొచ్చిన వాళ్లం.

వీళ్ల సంగీతం సంగతి కూడా చెప్పాలి. జానపదంలోకి రెగే కలిపారు. రెగే జమైకా వాళ్ల సరుకు. బాబ్ మార్లేతో ప్రపంచమంతా పాకింది. మామూలు రాక్‌లో గిటార్ దెబ్బ డ్రమ్ముతో కలిసి పడుతుంది. రెగేలో అలా కాదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో తీగని చటుక్కున తాకి ఆపేస్తారు. కింద బాస్ గిటార్ నింపాదిగా నడుస్తుంది. వింటుంటే ఎడ్లబండి మీద కూర్చున్నట్టు భుజాలు వాటంతటవే ఊగుతాయి. మన పల్లె పదాలు దాని మీద ఇంత హాయిగా కూర్చుంటాయని ముందు ఎవరైనా చెబితే నమ్మేవాణ్ని కాదు. అన్నట్టు మార్లే కూడా మనలాంటివాడే. 1966లో అమెరికాలోని డెలావేర్‌లో తల్లి దగ్గరికెళ్లి, క్రైస్లర్ కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. తర్వాత జమైకా వెళ్లిపోయాడు. అంటే ఊరెళ్లిపోతానని నిజంగా వెళ్లినవాడు!

ఇక అభిమానిగా నా గోడు. రామ్ మిరియాల తర్వాత సినిమాల్లోకి వెళ్లాడు. 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాడాడు, 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాట కట్టి పాడాడు. 'బలగం'లో మంగ్లీతో కలిసి 'ఊరు పల్లెటూరు' పాడాడు. ఆ పాట రాసిన కాసర్ల శ్యామ్‌కి జాతీయ అవార్డు వచ్చింది. ఏముందని వెళ్తావని అడిగిన పాటలోని గొంతే ఊరిని కళ్లకద్దుకునే పాట కూడా పాడిందన్నమాట. రెండూ నాకిష్టమే. ఆయన ఎదుగుదల చూస్తే సంతోషమే. తప్పు పట్టాల్సింది ఆయన్ని కాదు, మనల్ని. సినిమాలోకి వెళ్తే తప్ప గొంతుకి కూడు దొరకని ఏర్పాటు మనది. బెంగళూరు 'అగమ్' చూడండి. అందులో చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూనే పాడారు. కేరళ 'థైక్కుడం బ్రిడ్జ్' చూడండి. జనం ఆ బ్యాండు పేరు చూసి టికెట్ కొంటారు. ఇంత జీతాల కారిడార్ పెట్టుకుని మనం బ్యాండు పాట ఫ్రీగా విని, టికెట్ మాత్రం సినిమాకి కొంటాం. సంపాదన లేని బ్యాండు ఎంత కాలం నిలబడుతుంది? రిహార్సల్ గది అద్దె, మైకులు, వ్యాను, అన్నీ డబ్బులే కదండీ.

మొన్న గచ్చిబౌలిలో ఒక కేఫేలో నలుగురు కుర్రాళ్లు సొంత తెలుగు పాట మొదలుపెట్టబోతే ముందు టేబుల్ నుంచి ఒకాయన ఏదో సినిమా పాట కావాలని కేకేశాడు. గిటార్ అబ్బాయి మైకు దగ్గరికొచ్చి, "రెండు మావి వినండన్నా, తర్వాత ఒకటి మీది" అన్నాడు. ఆయన సరేనన్నాడు. మూడోది అడగడం మర్చిపోయాడు.