ఎండ సరే, కరెంటు బిల్లు ఎంత?

“మన దగ్గర ఎండకేం కొదవ?” ఇంటి కప్పు మీద సోలార్ ప్యానెళ్ల మాట రాగానే తెలుగువారి నోట వినిపించే మొదటి మాట ఇదే. నిజానికి జర్మనీలో ఏడాది పొడవునా పడే ఎండ హైదరాబాద్ ఎండలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. అయినా అక్కడ లక్షల ఇళ్లపై ప్యానెళ్లు ఉన్నాయి. కాబట్టి ఇక్కడ తేల్చుకోవాల్సింది ఎండ సంగతి కాదు, బిల్లు సంగతి.

నీడ పడని చోట 1 కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున 4 యూనిట్లు, అంటే నెలకు 120 యూనిట్లు ఇస్తాయి. వాటికి సుమారు 100 చదరపు అడుగుల డాబా కావాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కు రూ.30,000, 3 కిలోవాట్లు, ఆపైన రూ.78,000 కేంద్ర సబ్సిడీ వస్తుంది.

తెలంగాణ టారిఫ్‌తో లెక్క వేద్దాం. నెలకు 350 యూనిట్లు వాడే ఇంటికి స్థిర ఛార్జీలు కాక రూ.2,240 బిల్లు వస్తుంది. 3 కిలోవాట్ల ఖర్చు రూ.2 లక్షలనుకుంటే, సబ్సిడీ పోను పెట్టుబడి అయిదేళ్లలోపే తిరిగి వస్తుంది. 120 యూనిట్లు వాడే ఇంటి బిల్లు రూ.436. అక్కడ 1 కిలోవాట్‌కు రూ.70,000 అయితే, సబ్సిడీ పోయినా ఏడున్నరేళ్లు దాటుతుంది. అప్పు చేసి పెడితే వడ్డీ అదనం. ఇక గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు ఉచితంగా అందుకుంటున్న కుటుంబానికి మిగిలేదేమీ లేదు. ఎండ అందరికీ ఒకటే, లాభం మాత్రం శ్లాబును బట్టి!

డాబా సంగతీ చూడాలి. ప్యానెల్‌లోని సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి. అందుకే వాటర్ ట్యాంకు నీడ కొన్నింటి మీద పడినా ఉత్పత్తి బాగా తగ్గుతుంది. వేడి పెరిగినా నష్టమే. ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. ఆపైన ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం పడిపోతుంది. మే నెలలో ప్యానెల్ 60 డిగ్రీలకు చేరితే 12 శాతం పోయినట్టే. బ్యాటరీ లేని నెట్ మీటరింగ్ వ్యవస్థ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే సిబ్బంది భద్రత కోసమే ఈ ఏర్పాటు.

అందువల్ల సంతకం పెట్టే ముందు పన్నెండు నెలల బిల్లులు ముందేసుకోవాలి. సూర్యుడు దక్షిణానికి వాలి నీడలు సాగే డిసెంబరులో డాబా మీద నీడ ఎక్కడ పడుతుందో చూడాలి. అదే వీధిలో ఇప్పటికే ప్యానెళ్లున్న వారిని జూలై, ఆగస్టుల్లో ఎన్ని యూనిట్లు వచ్చాయో అడగాలి.

ఈ భారమంతా కొనేవారిదే కాకూడదు. ఆ డాబా మీద ఏ నెలలో ఎన్ని యూనిట్లు వస్తాయో, ఆ ఇంటి శ్లాబులో ఎంత ఆదా అవుతుందో కొటేషన్‌లోనే రాసివ్వడం అమ్మేవారికి తప్పనిసరి చేయాలి. సబ్సిడీ ప్రజల సొమ్ము. అది చేరాల్సింది నీడ పడే కప్పులకు కాదు, ఫలితమిచ్చే కప్పులకు.